168 పత్రాలున్న పరిశోధకుడి రికార్డును ఎలా చదవాలి?

అర్ధవిరామం
నేను పరిశోధకుణ్ణి కాను, ఇరవై ఏళ్లుగా కోడ్ రాస్తూ, రాయిస్తూ బతుకుతున్నవాణ్ణి. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పరిశోధకుడికి పదోన్నతి ఇవ్వాలో వద్దో తేల్చే కమిటీలో పరిశ్రమ తరఫున నన్ను కూర్చోబెట్టారు. నా చేతికి వచ్చిన ఫైలులో 22 ఏళ్ల ప్రచురణల పట్టిక ఉంది: మొత్తం 168 పత్రాలు, హెచ్-ఇండెక్స్ 41, సైటేషన్లు (ఇతర పత్రాలు వీటిని ఉటంకించిన సార్లు) ఏడు వేల పైచిలుకు. మొదటి సమావేశం నలభై నిమిషాలు జరిగితే అందులో ముప్పై నిమిషాలు 41 ఎక్కువా తక్కువా అన్న చర్చకే సరిపోయాయి. ఇంతకీ ఆయన ఏం కనిపెట్టారని నేను అడిగినప్పుడు ఐదుగురిలో ఒక్కరూ ఒక్క వాక్యం చెప్పలేకపోయారు, ఎందుకంటే ఆ 168లో ఒక్క పత్రాన్నయినా ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు. రెండో సమావేశానికి మూడు వారాల గడువు ఉంది. పట్టిక చూసి మనిషి ప్రభావాన్ని అంచనా కట్టడానికి ఈ రంగంలో ఉన్నవారు నిజంగా ఏం చేస్తారు?

సంఖ్యాబలం
సంఖ్యలను అంత తేలిగ్గా తీసిపారేయకండి. హెచ్-ఇండెక్స్‌ను భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించారు. 41 రావాలంటే కనీసం 41 పత్రాలు ఉండాలి, వాటిలో ప్రతిదానికీ కనీసం 41 సైటేషన్లు ఉండాలి. అదృష్టం కలిసొచ్చి ఒక్క పత్రం పేరు తెచ్చుకున్నంత మాత్రాన వచ్చేది కాదు, ఏళ్ల తరబడి నిలకడగా పనిచేసినవారికే వస్తుంది. మీ ముందు ఒక్క ఫైలే ఉంది కాబట్టి చదువుతానంటున్నారు. అరవై దరఖాస్తులు వచ్చి పడినప్పుడు వడపోతకు ఏదో ఒక జల్లెడ కావాలి కదా.

రెండోసమీక్షకుడు
ఆ లెక్కనే తిరగేసి చూడండి. ఒకరు జీవితం మొత్తంలో ఐదే పత్రాలు రాసి ఒక్కొక్కదానికి వెయ్యి సైటేషన్లు పొందితే వారి హెచ్-ఇండెక్స్ 5. ఇంకొకరు పది పత్రాలు రాసి ఒక్కొక్కదానికి పదే పొందితే 10. సంఖ్యాబలం గారి జల్లెడలో రెండోవారు నిలుస్తారు, మొదటివారు కిందికి రాలిపోతారు. పైగా ఆ సంఖ్యకు పెరగడమే తప్ప తగ్గడం తెలియదు. పరిశోధకుడు పదేళ్లుగా చేతులు కట్టుకు కూర్చున్నా అది తన పని తాను చేసుకుపోతుంది.

కార్డుకేటలాగు
41 ఎక్కువా తక్కువా అని తేల్చేముందు అసలు ఆ 168 పత్రాలూ ఆయనవేనా అని ఎవరైనా చూశారా? నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. నా దగ్గరికి వచ్చే ఇలాంటి పట్టికల్లో ఏదో ఒక తప్పు లేనిది అరుదు. పరిశోధన పత్రాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ 2004లో వచ్చింది. అందులోని ప్రొఫైల్‌ను యంత్రం నింపుతుంది, దాన్ని సరిచూసుకునే బాధ్యత మనిషిది. ఆ మనిషి సరిచూడకపోతే అదే పేరున్న మరొకరి పత్రాలు వచ్చి చేరతాయి. సాంకేతిక నివేదికలు, థీసిస్‌లు, సమీక్షకు ముందే బయటపెట్టే ప్రిప్రింట్లు కూడా లెక్కలోకి వస్తాయి. కంప్యూటర్ సైన్స్‌కు మాత్రం డీబీఎల్‌పీ అనే మంచి వసతి ఉంది. 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ లే మొదలుపెట్టిన ఆ జాబితాలో ఒకే పేరు గలవారిని విడదీయడానికి పేరు చివర 0001, 0002 అని అంకెలు తగిలిస్తారు. మీ పరిశోధకుడి పేరు అక్కడ అంకెతో కనిపిస్తే జాగ్రత్త పడండి. ఓర్కిడ్ సంఖ్య (ఒక్కో పరిశోధకుడికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) ఉంటే దానితో కూడా పోల్చండి. డీబీఎల్‌పీకి సొంత సైటేషన్ లెక్క లేదు కాబట్టి వాటిని స్కాలర్‌లోనూ, స్కోపస్ అనే సైటేషన్ల సూచికలోనూ విడివిడిగా చూడాలి. రెండు చోట్లా రెండు హెచ్-ఇండెక్స్‌లు వస్తే ఆశ్చర్యపోకండి, రెండూ ఒకటే వస్తేనే ఆశ్చర్యపోవాలి.

అర్ధవిరామం
కార్డుకేటలాగు గారు చెప్పినట్టే రాత్రి కూర్చుని చూశాను. తొమ్మిది పత్రాలు అదే పేరున్న మరొకరివి. అందులో రెండు కాంక్రీటు దృఢత్వం గురించినవి, సాఫ్ట్‌వేర్‌తో వాటికి ఏ సంబంధమూ లేదు. మిగిలిన 159లో పద్నాలుగు జంటలున్నాయి: ముందు సదస్సులో వచ్చిన పత్రం, ఆ తర్వాత దాన్నే పెంచి జర్నల్‌లో వేసిన పత్రం. వాటిని ఒక్కటిగా లెక్కిస్తే మిగిలేవి 145 పనులు. పరాయి పత్రాలను తీసేసరికి హెచ్-ఇండెక్స్ 39కి దిగింది. మొదటి సమావేశంలో ముప్పై నిమిషాలు మేము చర్చించింది ఒక తప్పు సంఖ్య గురించి.

నిశాచర_టెస్టర్
కాంక్రీటు పత్రాలకు సైటేషన్లు బాగా వచ్చినట్టున్నాయి.

పాతమాడ్యూల్
జంటల విషయంలో తొందరపడకండి. సదస్సు పత్రాన్ని కొత్త ప్రయోగాలతో, కొత్త ఫలితాలతో విస్తరించి జర్నల్‌కు పంపడం మా రంగంలో అందరూ ఒప్పుకునే ఆచారం. దాన్ని ఎవరూ మోసంగా చూడరు. రెంటినీ రెండు వేర్వేరు ఆవిష్కరణలుగా చూపితేనే తప్పు. మీ కమిటీలో ఇతర శాస్త్రాలవారు ఉంటే ఇంకో గొడవ రాకుండా చూసుకోండి: సదస్సు పత్రం అంటే వారికి ఒక సారాంశం, ఒక పోస్టరు. మాకు అలా కాదు. ఐసీఎస్ఈ సదస్సు మొదటిసారి జరిగింది 1975లో, ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అనే జర్నల్ మొదలైందీ అదే ఏడాది. ఆనాటి నుంచీ ఈ రంగంలో రెండు దారులూ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఐసీఎస్ఈ, ఎఫ్ఎస్ఈ, ఏఎస్ఈ లాంటి చోట్ల పూర్తి పత్రాన్నే సమీక్షిస్తారు, పంపినవాటిలో చాలా వరకు తిరస్కరిస్తారు. ఈ సంగతి అర్థం చేయించడానికే అమెరికాలోని కంప్యూటింగ్ రీసెర్చ్ అసోసియేషన్ 1999లో ప్యాటర్సన్, స్నైడర్, ఉల్మన్ రాసిన ఒక మెమోను విడుదల చేసింది. ఎఫ్ఎస్ఈ పత్రాలైతే 2024 నుంచి ఏసీఎం అనే కంప్యూటింగ్ సంఘం వారి ఒక జర్నల్‌లోనే వస్తున్నాయి, కనుక సదస్సుకూ జర్నల్‌కూ మధ్య గీత ఇప్పుడు ఇంకా పలచబడింది.

సంఖ్యాబలం
సరే, పట్టికను శుభ్రం చేసుకోవాలన్నది ఒప్పుకుంటాను. శుభ్రం చేశాక మిగిలే సైటేషన్లు ప్రభావం కాకపోతే మరేమిటి? చిదంబర్, కెమెరర్‌ల 1994 నాటి పత్రాన్ని చూడండి. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్‌ను కొలవడానికి వారు ఇచ్చిన ఆరు కొలతలు తర్వాతి దశాబ్దాల లోపాల అంచనా పరిశోధనలో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఆ పత్రానికి వేల సైటేషన్లున్నాయి. ప్రభావమూ ఉంది, సంఖ్యా ఉంది. ఈ రెండూ కలిసే నడుస్తాయి.

నిశాచర_టెస్టర్
కలిసి నడిచిన ఉదాహరణ ఏరుకుంటే కలిసే నడుస్తాయి. బార్బరా కిచెన్‌హామ్, స్టూవర్ట్ చార్టర్స్ 2007లో రాసిన సిస్టమాటిక్ రివ్యూల (ఒక అంశం మీద వచ్చిన పత్రాలను పద్ధతిగా వెతికి సమీక్షించడం) మార్గదర్శకాలు ఒక సాంకేతిక నివేదిక, ఏ జర్నల్‌లోనూ రాలేదు. అయినా సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో ఎవరు సమీక్షా పత్రం రాసినా పద్ధతి విభాగం మొదటి పేరాలో దాన్ని ఉటంకించి తీరతారు. నిజంగానే అది రంగం పనిచేసే తీరును మార్చింది, ఆ మాట నేను కాదనను. కానీ ఉటంకించినవారిలో ఎంతమంది దాన్ని ఆసాంతం చదివి పాటించారో నేను సమీక్షించిన పత్రాల్లోనే చూశాను. వెతుకులాటకు వాడిన పదాలను కూడా పొందుపరచనివారు "మేము ఈ మార్గదర్శకాలను అనుసరించాము" అని ధీమాగా రాస్తారు.

బిల్డ్_విరిగింది
ఎక్కడ ప్రచురించారన్న దానికీ, ఎంత పనికొచ్చిందన్న దానికీ కూడా పొంతన కుదరదు. ఎస్‌జడ్‌జడ్ అల్గారిథం 2005లో ఎంఎస్ఆర్‌లో వచ్చింది, అప్పట్లో అది ఒక వర్క్‌షాప్ మాత్రమే, ఆ పత్రమూ చిన్నదే. ఒక లోపాన్ని సరిదిద్దిన కమిట్‌ను (కోడ్‌లో నమోదైన ఒక మార్పును) తీసుకుని, అందులో మారిన పంక్తులను అంతకుముందు చివరిసారి ముట్టుకున్న కమిట్ ఏదో వెనక్కి వెతికి, లోపం అక్కడే పుట్టి ఉంటుందని అనుమానించడమే దాని సారం. స్లివెర్స్కీ, జిమ్మర్‌మన్, జెల్లర్ అనే ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరుగా స్థిరపడిపోయాయి. వర్క్‌షాప్ పత్రాలకు సున్నా మార్కులు వేసే కమిటీ దాన్ని చూడకుండానే దాటిపోయేది.

పాతమాడ్యూల్
సైటేషన్ దాకా రాని ప్రభావం గురించి కూడా ఒక మాట. డేవిడ్ పార్నాస్ 1972లో సీఏసీఎం అనే ఏసీఎం పత్రికలో, ప్రోగ్రాంను మాడ్యూళ్లుగా విడగొట్టడం మీద రాసిన పత్రంలో ఒకే ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. కొన్ని పంక్తులు తీసుకుని, ప్రతి పంక్తిలోని పదాలను ఒక్కొక్కటిగా ముందు నుంచి వెనక్కి జరుపుతూ, వచ్చినవన్నీ అక్షర క్రమంలో పేర్చే సూచిక అది. దాన్ని ఆయన రెండు రకాలుగా విడగొట్టి చూపిస్తారు. మొదటిది పని జరిగే క్రమాన్ని బట్టి: చదవడం ఒక మాడ్యూలు, జరపడం ఒకటి, పేర్చడం ఇంకొకటి. రెండోది ఏ నిర్ణయం రేపు మారవచ్చో దాన్ని ఒక మాడ్యూల్ లోపల దాచడం. ఆ తర్వాత, పంక్తులను మెమొరీలో దాచే తీరు మారితే ఎన్ని మాడ్యూళ్లు తెరవాలి అని అడుగుతారు. మొదటి విభజనలో అన్నీ తెరవాలి, రెండోదానిలో ఒక్కటి చాలు. నేడు కోడ్‌లోని ఒక క్లాసులో ఒక ఫీల్డును ప్రైవేట్‌గా, అంటే బయటి కోడ్‌కు అందకుండా పెట్టే ప్రతి ప్రోగ్రామరూ ఆ పత్రానికి రుణపడి ఉన్నాడు, కానీ ఆ రుణాన్ని ఎవరూ ఉటంకించరు. ఆలోచన పూర్తిగా జీర్ణమైపోతే రచయిత పేరు రాలిపోతుంది. అదే పార్నాస్ 2007లో అదే పత్రికలో పత్రాలను లెక్కపెట్టే ఆటను ఆపమంటూ ఒక వ్యాసం రాశారు. లెక్కపెడితే పైపై పరిశోధన, అవసరానికి మించిన పెద్ద బృందాలు, రాసిందే మళ్లీ రాయడం పెరుగుతాయన్నది ఆయన వాదన.

సంఖ్యాబలం
పార్నాస్ అంతటివారికి లెక్కలు అక్కర్లేదు, పాతమాడ్యూల్ గారూ. అర్ధవిరామం గారి ముందున్నది పార్నాస్ ఫైలు కాదు. మామూలు మంచి పరిశోధకుడి ప్రభావాన్ని కొలవడానికి మహానుభావుల కథలు పనికిరావు.

రెండోసమీక్షకుడు
ఆ మాటలో న్యాయం ఉంది. ఇంకో చిక్కు కూడా చెప్తాను: ప్రభావం ఉన్నంత మాత్రాన పని సరైనదని కాదు. థామస్ మెకేబ్ 1976లో కోడ్‌లోని స్వతంత్ర దారులను లెక్కించే సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ అనే కొలతను ప్రతిపాదించి, ఒక మాడ్యూలుకు 10 దాటకపోతే మంచిదని సూచించారు. ఇవాళ్టికీ కోడ్ తనిఖీ పరికరాలు ఆ లెక్క వేస్తాయి, కోడ్‌లో మార్పులు చేర్చమని పంపే పుల్ రిక్వెస్టులు దాని దగ్గర ఆగిపోతాయి. అయితే 1988లోనే మార్టిన్ షెపర్డ్ ఆ కొలత పునాదులను ప్రశ్నించారు, చాలా సందర్భాల్లో అది కోడ్ పంక్తుల సంఖ్యకు మారుపేరు మాత్రమేనని చూపారు. ఆ విమర్శ గురించి పరిశ్రమలో ఎంతమందికి తెలుసు?

బిల్డ్_విరిగింది
దానికి తోడు ఇది కూడా చూడండి. ప్రోగ్రామింగ్ భాషకూ కోడ్ నాణ్యతకూ సంబంధం ఉందా అని, కోడ్‌ను పంచుకునే గిట్‌హబ్ సైటులోని ప్రాజెక్టులను పరిశీలించిన ఒక పత్రం 2014 ఎఫ్ఎస్ఈలో వచ్చి చాలా పేరు తెచ్చుకుంది. 2019లో టోప్లాస్ జర్నల్‌లో మరొక బృందం అదే విశ్లేషణను తిరిగి చేసి, మొదటి పత్రం సంబంధం ఉందన్న పదకొండు భాషల్లో నాలుగింటికి మాత్రమే గణాంకపరంగా సంబంధం మిగిలిందని, అదీ చాలా స్వల్పమని రాసింది. మొదటి బృందం దానికి జవాబు చెప్పింది, వాదం నడిచింది. ఇప్పుడు మొదటి పత్రానికి వచ్చే సైటేషన్లలో కొన్ని దాన్ని నమ్మి రాసినవి, కొన్ని దాన్ని ఉదాహరణగా చూపి హెచ్చరించేవి. లెక్కలో రెండూ ఒక్కొక్కటే.

కమిట్‌చరిత్ర
నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. పదకొండేళ్ల కిందట మేము ముగ్గురం ఒక చిన్న పత్రం రాశాం, రెండు వెర్షన్ల మధ్య పేరు మారిన ఫంక్షన్లను గుర్తించే పద్ధతి గురించి. దానికి ఇప్పటికి పందొమ్మిది సైటేషన్లు, అందులో నాలుగు మావే. దాన్ని మరిచిపోయాం కూడా. నిరుడు ఒక ఓపెన్ సోర్స్ పరికరంలో ఒక లోపం వెతుకుతూ ఫైలు తెరిస్తే, ఒక ఫంక్షన్ పైన రెండు పంక్తుల కామెంట్ కనిపించింది: మొదటి పంక్తిలో మా పత్రం శీర్షిక, రెండో పంక్తిలో "మూడో దశ ఇక్కడ అవసరం లేదు, వదిలేశాం" అని. ఆ మూడో దశ మీదే మేము ఆరు నెలలు గడిపాం! సంతోషించాలో బాధపడాలో తెలియక కాసేపు స్క్రీను వైపే చూస్తూ ఉండిపోయాను. ఏ సైటేషన్ సూచికా ఆ కామెంట్‌ను లెక్కించదు. పరిశోధన ఆచరణలోకి ఎలా చేరిందో వెతకడానికి ఏసీఎంలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ విభాగమైన సిగ్‌సాఫ్ట్ వారు ఇంపాక్ట్ ప్రాజెక్టు అని ఒకటి నడిపారు. వెర్షన్ నిర్వహణ లాంటి వాటి వెనుక ఏయే పరిశోధనలున్నాయో 2000ల దశకంలో తవ్వి తీశారు. ఆ తవ్వకం చేయగలిగింది మనుషులు కూర్చుని చరిత్ర రాయడం వల్లే.

సంఖ్యాబలం
కామెంట్లను ఎవరు వెతుకుతారు? ప్రతి పరిశోధకుడూ తన ప్రభావం కనిపించని చోట ఉందంటే ఇక కమిటీలు నమ్మకం మీదే నడవాలి.

కమిట్‌చరిత్ర
అది చూపించే భారం పరిశోధకుడిదే. కామెంట్ ఉంటే లంకె ఇవ్వాలి, పరికరం వాడుకలో ఉంటే ఎవరు వాడుతున్నారో చెప్పాలి. వృత్తిలో ఉన్నవారిని అడగడమూ అసాధ్యం కాదు. 2015లో ఎఫ్ఎస్ఈలో వచ్చిన ఒక అధ్యయనంలో మైక్రోసాఫ్ట్‌లోని 512 మందికి 571 పరిశోధన పత్రాల సారాంశాలు చూపించి వాటి ఉపయోగం గురించి అడిగారు. వచ్చిన రేటింగుల్లో 71 శాతం "అత్యవసరం" లేదా "విలువైనది" అనే తేలాయి. నేను అంత మంచి ఫలితం ఊహించలేదు.

గుంపులో_నాలుగోవాడు
పత్రాల్లో ఆయన పేరు ఎన్నో స్థానంలో ఉందో చూశారా? సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో ఎక్కువగా మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు పర్యవేక్షించినవారిది, మధ్యలో ఉన్నవారిది గుంపులో గోవిందా. ఈ చివరి మాట నా గురించే. నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో ప్రతి పత్రానికీ అధిపతి పేరు దానంతట అదే చేరేది. ఒకసారి ఆయన తన పేరున్న పత్రం గురించి సదస్సులో ఎవరో ప్రశ్న అడిగితే నా వైపు తిరిగి, ఇది ఏ పత్రం అని మెల్లగా అడిగారు. సీఎస్‌ర్యాంకింగ్స్ అనే జాబితా ఒక్కో పత్రం విలువను రచయితల మధ్య సమానంగా పంచుతుంది. అది పూర్తి న్యాయం కాకపోయినా, పన్నెండు మంది రాసిన పత్రాన్ని పన్నెండు సార్లు లెక్కపెట్టడం కంటే మేలు.

కార్డుకేటలాగు
సంఖ్యలను ఎంత సులువుగా పెంచవచ్చో తెలియాలంటే ఐక్ అంట్‌కేర్ కథ చదవండి. ఆ పేరుతో మనిషే లేడు. ఫ్రాన్స్‌లోని సిరిల్ లాబే అనే పరిశోధకుడు 2010లో సైజెన్ అనే ప్రోగ్రాంతో అర్థం లేని పత్రాలు పుట్టించి, ఒకదానితో ఒకటి ఉటంకింపజేసి, గూగుల్ స్కాలర్ సమాచారం ఆధారంగా ఆ లేని మనిషికి 94 హెచ్-ఇండెక్స్ తెప్పించారు.

రెండోసమీక్షకుడు
మీ కమిటీ ముందుకు ఆయన ఫైలు వచ్చి ఉంటే సమావేశం ఐదు నిమిషాల్లో ముగిసేది. నియామకపత్రం ఏ చిరునామాకు పంపాలన్నదొక్కటే సమస్య.

అర్ధవిరామం
మూడు వారాలు గడిచాయి, ఏం చేశానో చెప్పడం నా బాధ్యత. మీకు నచ్చిన ఐదు పత్రాలు చెప్పండి, ఎందుకు నచ్చాయో ఒక్కో పేరాలో రాయండి అని కమిటీ ద్వారా ఆయననే అడిగించాను. ఆయన పంపిన ఐదింటిలో ఎక్కువ సైటేషన్లున్న పత్రం లేదు. మొదట అనుమానం వచ్చింది, తర్వాత రెండు వైపులా చూద్దామనుకున్నాను.

తొమ్మిది వందల పైచిలుకు సైటేషన్లున్న ఆ పెద్ద పత్రాన్ని ఉటంకించినవాటిలో అరవై తెరిచి, ఆ వాక్యాన్ని మాత్రం వెతికి చదివాను. నలభై నాలుగింటిలో అది ఏడెనిమిది పత్రాల గుంపులో ఒక అంకె: ఈ సమస్య మీద ఎందరో పనిచేశారు అని చెప్పి పక్కన బ్రాకెట్లో అంకెల వరుస. తొమ్మిదింటిలో ఆ పరికరాన్ని నిజంగా వాడారు. నాలుగింటిలో తమ పద్ధతితో పోల్చారు. మూడింటిలో దాని ఫలితాన్ని కాదన్నారు.

ఆయన ఎంచుకున్న ఐదింటిలో ఒకటి 2013 నాటిది. నడిచే క్రమం మారితే ఫలితం మారిపోయే టెస్టులను పట్టుకునే పద్ధతి గురించి రాశారు. దానికి ఉన్నవి 38 సైటేషన్లే. ఆయన హెచ్-ఇండెక్స్ 39 కాబట్టి ఆ పత్రం లేకపోయినా ఆ సంఖ్య వీసమెత్తు కదలదు. ఆ 38నీ తెరిచాను. 21 మంది ఆ పద్ధతిని తమ ప్రయోగంలో అమలు చేసి, ఎక్కడ పనిచేయలేదో కూడా రాశారు. రెండు టెస్టింగ్ పరికరాల డాక్యుమెంటేషన్‌లో దాని పేరుంది. చదువుతూ ఉండగా నాకు గుర్తొచ్చింది: మా సొంత టెస్టులు రాత్రిపూట మాత్రమే విఫలమవుతున్నప్పుడు మేము వాడిన ఆప్షన్ వెనుక ఉన్న ఆలోచన అదే. నాలుగేళ్లుగా వాడుతున్నాను, ఎవరిదో తెలియదు.

రెండో సమావేశంలో ఇదంతా ఒకటిన్నర పేజీలో పెట్టాను. ఈసారి చర్చ టెస్టుల గురించి జరిగింది. ఒకరు నా అరవై నమూనా చిన్నదన్నారు, నేను కాదనలేదు. పదోన్నతికి అందరూ ఒప్పుకున్నారు.

సంఖ్యాబలం
ఐదు పత్రాలు ఆయనే ఎంచుకున్నారు కాబట్టి మంచివే కనిపిస్తాయి, ఆ మొగ్గును మీరు సరిదిద్దలేదు. అయితే 38 సైటేషన్ల పత్రాన్ని నా జల్లెడ వదిలేసేదన్నది నిజమే. అరవై దరఖాస్తుల దగ్గర ఏం చేయాలో మాత్రం మీలో ఎవరూ ఇంకా చెప్పలేదు.

పాతమాడ్యూల్
అరవై మందినీ తలా మూడు పత్రాలే పంపమనండి. నూట ఎనభై సారాంశాలు ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని. పత్రాలు రాయడానికి వాళ్లకు పట్టిన ఏళ్ల ముందు అదేం ఎక్కువ కాదు.

గుంపులో_నాలుగోవాడు
ఆ మూడింటిలో తాము స్వయంగా ఏం చేశారో కూడా రాయమనండి.

అర్ధవిరామం
ఒక్కటి చెప్పడం మరిచాను. తీర్మానం అంతా అయ్యాక ఫారంలో హెచ్-ఇండెక్స్ గడి ఖాళీగా ఉంచితే ఫైలు ముందుకు కదలదని కార్యాలయం నుంచి కబురు వచ్చింది. 39 అని రాసి సంతకం పెట్టాను. ఇందాక చూస్తే 40 అయింది.

రెండోసమీక్షకుడు
ఆ గడి పక్కన తేదీ వేశారా?